పడవ నడిపిన చేయి

ఆధునిక చిత్రకళా చరిత్రను గూర్చిన గ్రంథాలలో మ్యూనిక్ నగరానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. ఇరవైయవ శతాబ్దపు తొలి దశకాలలో అక్కడ వెలసిన 'నీలి రౌతు' అనే చిత్రకారుల బృందం ఐరోపా చిత్రకళ గమనాన్నే మార్చివేసిందని విమర్శకులందరూ అంగీకరిస్తారు. ఆ బృందం పేరు చెప్పగానే వాసిలీ కాండిన్‌స్కీ, ఫ్రాంజ్ మార్క్, పాల్ క్లీ మున్నగువారు స్ఫురిస్తారు. అదే బృందంలో మొదటినుండి ఉండి, మొదటి ప్రదర్శనలోనే తన చిత్రాలను నిలిపిన గాబ్రియేల్ మ్యూంటర్ పేరు మాత్రం చిరకాలం 'కాండిన్‌స్కీ శిష్యురాలు', 'కాండిన్‌స్కీ సహచరి' అనే విశేషణాల చాటున ఒదిగి ఉండవలసి వచ్చింది.

ఇది కేవలం పద ప్రయోగంలో వచ్చిన లోపమని మేము భావించటం లేదు. ఒక మనిషి పనిని ఆ పనిని బట్టి కాక, పక్కన నిలిచిన వారిని బట్టి తూచే అలవాటు దీని వెనుక ఉంది. ఆ అలవాటు జర్మనీకే పరిమితం కాదు. కనుకనే ఒక విదేశీ చిత్రకారిణి జీవితాన్ని మన కళాశాల పత్రికలో చర్చించటం అప్రస్తుతం కాదని మా నమ్మకం.

మ్యూంటర్ 1877 ఫిబ్రవరి 19న బెర్లిన్‌లో జన్మించింది. తొమ్మిదవ యేట తండ్రిని, ఇరవైయవ యేట తల్లిని కోల్పోయింది. బాల్యంనుండి ఆమెకు రేఖ మీద సహజమైన అధికారం ఉండేది. ఎదుటివారి పోలికను నాలుగు గీతలలో పట్టుకోగలిగేది. 1897లో ద్యూసెల్‌డోర్ఫ్ నగరంలో చిత్రలేఖనం అభ్యసించటానికి ప్రయత్నించింది. తల్లి మరణానంతరం 1898లో అక్కతో కలిసి అమెరికా వెళ్ళి, అక్కడి బంధువుల ఇళ్ళలో రెండు సంవత్సరాలు గడిపింది. ఆ రోజులలో ఒక కోడాక్ కెమెరా ఆమె చేతికి వచ్చింది. మిస్సోరి, ఆర్కన్సా, టెక్సాస్ ప్రాంతాలలో ఆమె తీసిన ఛాయాచిత్రాలు సుమారు 400. ఏది చూడాలి, ఏది వదలాలి అనే వివేకం ఆమెకు ఏ గురువు వద్దా కూర్చోకముందే అలవడినదని ఆ ఛాయాచిత్రాలు సాక్ష్యం చెబుతున్నాయి.

1901లో ఆమె మ్యూనిక్ చేరింది. ఆనాడు జర్మనీలో చిత్రకళాభ్యాసానికి అంతటి కేంద్రం మరొకటి అరుదు. అక్కడి రాజకీయ కళా అకాడమీలో చదివిన యువకులకు జీవితాంతం ఆ పేరు అండగా నిలిచేది. కాని ఆ అకాడమీ ద్వారాలు స్త్రీలకు మూసి ఉండేవి. అవి తెరుచుకున్నది 1920లో. అప్పటికి మ్యూంటర్ వయస్సు 43 సంవత్సరాలు. ఆమె ముఖ్య చిత్రాలు అనేకం అప్పటికే పూర్తయి గోడలకెక్కి ఉన్నాయి.

ఈ సంగతి వద్ద పాఠకులు ఒక్క క్షణం ఆగాలని మా మనవి. ప్రభుత్వ అకాడమీలో ప్రవేశం లేని యువతులకు మిగిలిన మార్గం, స్వంత డబ్బు వెచ్చించి ప్రైవేటు తరగతులలో చేరటమే. మ్యూంటర్‌కు తల్లిదండ్రులు విడిచిన ఆస్తి కొంత ఉంది. అందుచేత ఆమె స్త్రీ చిత్రకారుల సంఘం నడిపే పాఠశాలలో చేరగలిగింది. అంతటి ఆస్తి లేని యువతుల సంగతి ఏమిటి? వారిలో ఎందరు మ్యూంటర్లు ఉండిరో చెప్పగల చరిత్రకారుడు లేడు. చిత్రం గీయని చేతికి చరిత్ర ఉండదు. 'స్త్రీలలో గొప్ప చిత్రకారులు ఎందుకు లేరు?' అని అడిగేవారు మొదట ఆ ద్వారం తాళం ఎవరి వద్ద ఉండేదో విచారించటం న్యాయం.

కాండిన్‌స్కీ మరికొందరు మిత్రులతో కలిసి 1901లో స్థాపించిన 'ఫాలాంక్స్' సంఘపు పాఠశాల స్త్రీలను చేర్చుకునేది. మ్యూంటర్ అక్కడ చేరింది. ఆమెకు తాను నేర్పగలిగినది ఏమీ లేదనీ, ప్రకృతి ఆమెకు ముందే అన్నీ ఇచ్చి పంపిందనీ, ఆ సహజశక్తిని కాపాడటమే తన పని అనీ గురువైన కాండిన్‌స్కీయే అభిప్రాయపడ్డాడు. అతడు ఆమెకంటే పదేళ్ళు పెద్ద, అప్పటికే వివాహితుడు. 1903లో వారిరువురి మధ్య వివాహ వాగ్దానం జరిగింది; వివాహం మాత్రం జరగలేదు. వారి వ్యక్తిగత జీవితానికి తీర్పరులమై కూర్చోవటం మా ఉద్దేశం కాదు. వారి కళాజీవితాలు పదేళ్ళకు పైగా ఒక్క కప్పు క్రింద సాగాయన్నది మాత్రమే ఇక్కడ మనకు అవసరమైన విషయం.

1904 చివర వారు ట్యునీసియా చేరి, 1905 వసంతం వరకు అక్కడ ఉన్నారు. ట్యునిస్ నగరపు తెల్లని గోడలను, కమానులను, సందులను మ్యూంటర్ కెమెరాతోను, కుంచెతోను పట్టుకున్నది. ఆ కాలంలోనే ఆమె వస్త్రంపై పూసలు కుట్టి, గుడ్డముక్కలు అతికి కొన్ని కుట్టుపనులు చేసింది. వాటిలో వోల్గా నదిపై ఓడలను చూపే తెర ఒకటి నేటికీ మ్యూనిక్‌లో భద్రంగా ఉంది. రూపకల్పన కాండిన్‌స్కీది, సూది మ్యూంటర్‌ది. రూపం ఊహించినవాడు కళాకారుడు, దానిని పూసపూసగా నిలిపినది సహాయకురాలు అనే విభజన సరియైనదేనా అని మేము ప్రశ్నిస్తున్నాము. మన ఇళ్ళలో జర్దోజీ, కుట్టుపని, అల్లిక ఎరిగిన స్త్రీలు ఈ ప్రశ్నకు మనకంటే తేలికగా సమాధానం చెప్పగలరు. సూది నడిచే ప్రతి చోట ఒక నిర్ణయం ఉంటుంది.

మ్యూంటర్ కళలో మహత్తరమైన మలుపు 1908లో వచ్చింది. ఆ వేసవిలో ఆమె, కాండిన్‌స్కీ, వారి మిత్రులు అలెక్సీ యావ్లెన్‌స్కీ, మరియానె వెరెఫ్కిన్ నలుగురూ మ్యూనిక్‌కు దక్షిణాన ఆల్ప్స్ పర్వతపాదంలో ఉన్న మూర్నౌ అనే చిన్న ఊరిలో మకాం చేశారు. అంతవరకు చిన్న చిన్న రంగుపూతలతో వెలుగునీడలను చిత్రించిన మ్యూంటర్, ఆ కొద్ది వారాలలో పాత పద్ధతిని పూర్తిగా వదలివేసింది. కొండ ఒక నీలపు ముద్ద. ఇల్లు ఒక పసుపు ముద్ద. రెంటి నడుమ నల్లని గట్టి గీత. వివరాలు రాలిపోయి సారం నిలిచింది. చూచినదంతా చెప్పటం కాక, చూచినదానిలో చెప్పవలసినది మాత్రమే చెప్పటం ఆమె పద్ధతి అయింది. కవిత్వం చదువుకున్న విద్యార్థులకు ఈ మాట వివరించనక్కరలేదు. 1909లో ఆమె తన డబ్బుతో ఆ ఊరిలో ఇల్లు కొన్నది. రష్యా దేశీయులు వచ్చిపోతుండటం వల్ల ఊరివారు దానిని 'రష్యావాళ్ళ ఇల్లు' అని పిలిచేవారు. కొన్నది జర్మన్ స్త్రీ. పేరు మాత్రం అతిథులకు దక్కింది!

ఆ ప్రాంతంలో గాజు పలకల వెనుకవైపు బొమ్మలు వేసే ప్రాచీన గ్రామీణ కళ ఒకటి ఉండేది. హైన్రిఖ్ రాంబోల్డ్ అనే స్థానిక కళాకారుడు ఆ విద్యను అప్పటికీ సాగిస్తున్నాడు. మ్యూంటర్ అతని వద్ద కూర్చుని ఆ విద్య నేర్చుకున్నది. గాజుపై చిత్రించేవారు కాగితంపై చివర వేయవలసిన దానిని మొదట వేయాలి. ముందు గీత, కన్ను, ముక్కు. ఆ తరువాత వాటి వెనుక రంగు. దిద్దుబాటుకు అవకాశం అతిస్వల్పం. మన దక్షిణదేశంలో తంజావూరు గాజు పటాలు చూచినవారికి ఈ కష్టం తెలిసే ఉంటుంది. మ్యూంటర్ తైలవర్ణ చిత్రాలలోని తెగువ గల గీతకు, చదునైన రంగులకు ఈ అభ్యాసం బలం ఇచ్చింది. ఐరోపాలో అత్యంత నవీనమనిపించుకున్న కళ ఒక పల్లెటూరి పనివాని వద్ద శిష్యరికం చేసిందన్న సత్యం, హునర్‌ను చిన్నచూపు చూచే చదువుకున్నవారందరూ గుర్తుంచుకోదగినది.

1909లో మ్యూనిక్‌లో నూతన చిత్రకారుల సంఘం ఏర్పడింది. మ్యూంటర్ అందులో వ్యవస్థాపక సభ్యురాలు. 1911 డిసెంబరులో కాండిన్‌స్కీ చిత్రాన్ని ఆ సంఘం ప్రదర్శనకు నిరాకరించగా, అతడు, మార్క్, మ్యూంటర్ బయటికి వచ్చారు. కొద్ది దినాలలోనే, డిసెంబరు 18న, 'నీలి రౌతు' మొదటి ప్రదర్శన ప్రారంభమైంది. అందులో మ్యూంటర్ చిత్రాలు ఆరు. ఆ ప్రదర్శన ఎట్లుండెనో నేడు మనకు తెలియటానికి ఆధారమైన ఛాయాచిత్రాలు తీసినది కూడా ఆమెయే. ఆ గోడలపై నిలిచి, ఆ గోడలకు సాక్షిగా కూడా నిలిచిన వ్యక్తిని 'సహచరి' అనే ఒక్క మాటతో సరిపెట్టటం ఎంత అన్యాయమో పాఠకులే ఆలోచించాలి.

1910లో ఆమె వేసిన 'పడవ విహారం' అనే చిత్రం అమెరికాలోని మిల్వాకీ కళాప్రదర్శనశాలలో ఉంది. సరస్సు మీద పడవ. వెనుక నీలి కొండలు. పడవలో కాండిన్‌స్కీ నిటారుగా నిలిచి ఉన్నాడు. వెరెఫ్కిన్, ఒక బాలుడు కూర్చుని ఉన్నారు. ముందుభాగంలో మనవైపు వీపు పెట్టి, తెడ్లు పట్టుకొని కూర్చున్న స్త్రీ మ్యూంటర్. ఆమె ముఖం మనకు కనబడదు. పైకి చూస్తే నాయకుడు అతడే, నిలుచున్నవాడు అతడే, కన్ను మొదట పోయేది అతని మీదికే. కాని పడవ కదిలేది ఆమె చేతులతో. అంతేకాదు, పడవను, కొండను, నిలుచున్న వానిని అక్కడ నిలిపినది కూడా ఆమె కుంచెయే. తన స్థానాన్ని గూర్చి ఆమె ఫిర్యాదు చేయలేదు, ఉన్నదున్నట్లు చిత్రించింది. చూడగల కన్ను ఉంటే అంతకు మించిన వ్యాఖ్యానం అవసరం లేదు.

1914లో యుద్ధం వచ్చింది. రష్యా పౌరుడైన కాండిన్‌స్కీ జర్మనీ విడువక తప్పలేదు. 1915లో మ్యూంటర్ తటస్థ దేశమైన స్వీడన్ చేరి స్టాక్‌హోంలో వేచి ఉన్నది. అతడు ఆ శీతకాలంలో వచ్చి కొన్ని నెలలుండి, 1916లో వెళ్ళిపోయాడు. మరి తిరిగి రాలేదు. 1917లో మాస్కోలో వేరొకరిని వివాహమాడాడు. ఆమెకు ఆ వార్త అతడు తెలుపలేదు. అయినా ఆ సంవత్సరాలలో ఆమె చేతులు ముడుచుకొని కూర్చోలేదు. స్టాక్‌హోం, కోపెన్‌హాగెన్ నగరాలలో తన చిత్రాలను ప్రదర్శించింది. జర్మనీ తిరిగివచ్చిన తరువాత మాత్రం కొన్నేళ్ళు కుంచె దాదాపు మూలపడింది. ఆమె వద్ద ఉండిపోయిన కాండిన్‌స్కీ సామగ్రిని గూర్చి చాలకాలం సాగిన వివాదం 1926లో పరిష్కారమైంది. కొన్ని పెట్టెలు అతనికి చేరాయి, పెక్కు చిత్రాలు ఆమెకు దక్కాయి. 1931లో ఆమె మళ్ళీ మూర్నౌ ఇంటికి చేరి చిత్రరచన సాగించింది. కిటికీ ముందు కూర్చున్న స్త్రీ, వెలుపల మంచు కొమ్మలపై పక్షులు గల 'పక్షుల ఉపాహారం' 1934 నాటిది. అందులోనూ స్త్రీ మనవైపు వీపు పెట్టియే ఉంటుంది. కాని ఈసారి ఆమె చూస్తున్న దృశ్యం మొత్తం ఆమెదే.

1933 తరువాత జర్మనీలో నవీన కళకు గడ్డుకాలం దాపురించింది. 1937 జూలైలో నాజీ ప్రభుత్వం మ్యూనిక్‌లోనే 'పతిత కళ' అనే పేరుతో ప్రదర్శన పెట్టి, కాండిన్‌స్కీ, మార్క్, క్లీ వంటి వారి చిత్రాలను అవహేళన పాలు చేసింది. మ్యూంటర్‌ను వీరవనితగా చూపటానికి మేము ఉత్సాహపడటం లేదు. హిట్లర్ వేయించిన రహదారులను కీర్తించే సంచార ప్రదర్శనకు 1936లో ఆమె కూడా చిత్రాలు ఇచ్చింది. ఇది దాచదగిన విషయం కాదు. కాని అదే స్త్రీ, తన మాట తప్పిన వ్యక్తి చిత్రాలను, ఇతర మిత్రుల చిత్రాలను మూర్నౌ ఇంటి నేలమాళిగలో దాచి, యుద్ధం ముగిసేవరకు కాపాడింది. ఆ సంగతి బయటపడి ఉంటే ఆ చిత్రాలు దక్కేవి కావు.

1957లో, తన 80వ జన్మదిన సందర్భంలో, ఆమె ఆ నిధిని మ్యూనిక్ నగరంలోని లెన్‌బాఖ్‌హౌస్ కళాభవనానికి దానమిచ్చింది. మొత్తం వెయ్యికి పైగా కృతులు. అందులో కాండిన్‌స్కీ తైలవర్ణ చిత్రాలే సుమారు 90, ఆమె స్వంత చిత్రాలు 25. ఒక్కరోజులో ఒక నగర కళాభవనం ప్రపంచ ప్రసిద్ధమైంది. 1962 మే 19న మ్యూంటర్ తన మూర్నౌ ఇంటిలో కన్నుమూసింది.

ఇక్కడ రెండు పొరపాటు తీర్పులను గూర్చి హెచ్చరించటం అవసరం. మొదటిది, ఆమెను 'సంరక్షకురాలు' అని మెచ్చుకొని ఊరుకోవటం. ఇతరుల చిత్రాలను కాపాడినందుకు దండ వేసి, ఆమె చిత్రాల ఎదుట నిలబడకుండా సాగిపోవటం మర్యాదతో కూడిన మరొక అనాదరణ. రెండవది, కాండిన్‌స్కీ రూపరహిత చిత్రకళకు దారి తీశాడు, మ్యూంటర్ కొండలను, ఇళ్ళను, మనుషులను వదలలేదు, కనుక ఆమె వెనుకబడినదనే వాదం. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. ఆ దారిలో అతడే ముందున్నాడు. కాని అందరూ ఒకే ఊరికి ప్రయాణం చేస్తున్నారని ఎవరు చెప్పారు? అతడు వస్తువును విడిచి రంగును వెదకాడు. ఆమె వస్తువులోనే దాని మూలరేఖను వెదికింది. ఒకరి గమ్యంతో మరొకరి నడకను కొలవటం విమర్శ కాదు. ఆలస్యంగానైనా లోకం దీనిని గుర్తిస్తున్నది. 2017లో మ్యూనిక్‌లో, 2024లో మాడ్రిడ్‌లో, 2025లో పారిస్‌లో ఆమె ఒక్కతె పేరు మీదనే పెద్ద ప్రదర్శనలు జరిగాయి.

పేరు ప్రయాణించే తీరు కూడా గమనించదగినది. 1922 డిసెంబరులో కలకత్తాలో జరిగిన ప్రదర్శనకు జర్మనీలోని బౌహౌస్ కళాకారుల కృతులు వచ్చాయి. వారిలో కాండిన్‌స్కీ ఉన్నాడు. అప్పటికతడు ఆ విద్యాలయంలో ఆచార్యుడు. విద్యాలయం అండ ఉన్న పేరు సముద్రాలు దాటి వచ్చింది. ఏ సంస్థ అండా లేని మ్యూంటర్ ఆ యేడు తన దేశంలోనే దాదాపు అనామక. సంస్థలు మనుషులకు ఏమి చేయగలవో, ఏమి చేయక ఊరుకోగలవో దీనివలన తెలుస్తుంది. మన కళాశాల కూడా ఒక సంస్థయే కదా!

చిత్రలేఖనం మన సమాజానికి తగిన విద్యయేనా అని సందేహించే పెద్దలు ఉన్నారు. వారి ధార్మిక భావం యెడల మాకు గౌరవం ఉంది. కాని ఈ దక్కను నేల మీదనే బీజాపూర్, గోల్కొండ దర్బారులలో చిత్రకళ వికసించింది, ఖుష్‌నవీసీ పరాకాష్ఠనందింది. ప్రాణుల బొమ్మ వేయటానికి మనసొప్పని విద్యార్థినికి లతలున్నాయి, జాలీ కమానులున్నాయి, అక్షరాలున్నాయి, కొండలున్నాయి. గీత నేర్చుకొనటానికి వస్తువు కొరత ఎన్నడూ లేదు. పైగా మన పూర్వులలో ఒక గొప్ప ఆచారం ఉండేది: వ్రాతప్రతి పూర్తిచేసిన కాతిబ్, చివరి పుటలో తన పేరు, తేదీ వ్రాసుకునేవాడు. గ్రంథం రచించినది మరొకరే అయినా, అక్షరం నిలిపిన చేతికి ఆ గౌరవం దక్కేది. ఆ న్యాయం మచిలీపట్నం కలంకారీ వస్త్రాలకు రంగులద్దిన వారికి దక్కలేదు. ఆ వస్త్రాలు విదేశీ ప్రదర్శనశాలలలో ఉన్నాయి, అద్దినవారి పేర్లు లేవు.

కనుక పాలకవర్గం వారికి మూడు మనవులు చేస్తున్నాము. వారంలో రెండు గంటలైనా చిత్రలేఖనానికి కాలపట్టికలో స్థానం కల్పించాలి. అది విద్యార్థినులకు అనుకూలమైన వేళలో, రుసుము లేకుండా ఉండాలి. రుసుము కూడా ఒక మూసిన తలుపేనని మ్యూనిక్ చరిత్ర చెబుతున్నది. రెండవది, గ్రంథాలయంలో చిత్రకళకు ఒక బీరువా కేటాయించాలి. పరీక్షలకు పనికిరావనే కారణంతో అటువంటి గ్రంథాలను నిరాకరించరాదు. మూడవది ఖర్చు లేనిది: వార్షికోత్సవంలో తెర కుట్టినవారు, ముగ్గు వేసినవారు, గోడపత్రిక వ్రాసినవారు ఎవరో, వారి పేర్లు అధ్యక్షోపన్యాసంతో పాటు ఈ పత్రికలో అచ్చుకావాలి.

విద్యార్థినులకు ఒక్క మాట. మీ పనిపై మీ పేరు వ్రాయటం అహంకారం కాదు. అది లెక్క సరిగా ఉంచటం. విద్యార్థులకు మరొక మాట. పడవలో నిలుచున్నప్పుడు తెడ్డు ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూచుకోండి. పొగడ్త కంటే తలుపు తెరవటం మేలు. ఈ విద్యాసంవత్సరంలోనే ఆ తరగతి ప్రారంభం కాగలదని, పాలకవర్గం ఈ విషయాన్ని సానుభూతితో పరిశీలించగలదని ఆశిస్తున్నాము.